ఇంటికి వెళ్ళినవాళ్ళ గడి

మా జట్టులో నన్ను అక్కా అని పిలిచిన మనిషి ఆమె ఒక్కతే. మిగతావాళ్ళంతా పేరుతోనే పిలిచేవారు. ఐటీ ఆఫీసుల్లో అదొక మర్యాద. నిన్న చేరిన కుర్రాడు కూడా మేనేజరును పేరు పెట్టి పిలుస్తాడు, మేనేజరు వాడి భుజం తడతాడు, ఇద్దరం సమానమేనని ఇద్దరూ కాసేపు నటిస్తారు. ఆమెకు ఆ నటన రాలేదు. మేనేజరును సార్ అంది, నన్ను అక్కా అంది. వచ్చిన రోజే "అక్కా, నేను ఏడ కూసోవాలె?" అని అడిగింది. నాకు ఆ పిలుపు బాగానే అనిపించింది. దానికి తగ్గ పని మాత్రం నేను చెయ్యలేదు. ఆ సంగతి రాయాలని చాలాసార్లు కూర్చుని లేచాను. ఎవరినో దులపడానికి కాదు. దులపవలసినవాళ్ళ వరసలో మొదటి కుర్చీ నాదే.

ఆమెకు ముప్పై ఒకటో ముప్పై రెండో ఉంటాయి. పుట్టి పెరిగింది ఖాజాగూడలో. మా ఆఫీసు కిటికీలోంచి ఆ గుట్టలు కనిపిస్తాయి. "గా పెద్ద బండ ఉంది చూడు అక్కా, దాని పక్క పొంటే మా నాయన రాళ్లు కొట్టేటోడు," అని ఓసారి వేలుపెట్టి చూపించింది. ఆ బండలో సగం ఇప్పుడు లేదు. ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళం, నాలాగా కోస్తా నుంచి వచ్చి నల్లగండ్లలో ఫ్లాటు కొనుక్కున్నవాళ్ళం, ఆమె ఊళ్ళో అద్దాల మేడలో కూర్చుని ఆమెకు ఏడాది కాంట్రాక్టు ఇచ్చాం. ఇచ్చినందుకు ఆమె కృతజ్ఞతతో ఉండాలని కూడా లోపల అనుకునేవాళ్ళం.

కొడుకు పుట్టాక నాలుగేళ్ళు ఇంట్లో ఉండి, సాఫ్ట్‌వేరులో తప్పులు పట్టే టెస్టింగ్ కోర్సు చేసి మళ్ళీ పనిలోకి వచ్చింది. పని బాగుంటే మార్చిలో పర్మనెంటు చేస్తామని ఆమెకు మాట ఇచ్చారు. ఆ మాట కోసమే ఆమె ఉంది. పర్మనెంటు అయితే ఆఫీసు ఇన్సూరెన్సులో తల్లి పేరు చేర్చుకోవచ్చు. తల్లికి షుగరు ముదిరి కిడ్నీల దాకా వచ్చింది. "సర్కారు దవాఖానల పొద్దుగాల ఆరింటికి లైన్ల నిలబడితే మధ్యాహ్నం దాంక నంబరు రాదక్కా. మార్చి అయిపోతే ఇగ ఫికర్ లేదు," అనేది. మార్చి అనే మాట ఆమె నోట నేను విన్నన్నిసార్లు ఇంకెవరి నోటా వినలేదు.

ఆమెకు ఒక్కటే లోపం. మూడూ నలభైకి లేచి వెళ్ళిపోయేది. నాలుగింటికి కొడుకు స్కూలు బస్సు వస్తుంది. పొద్దున్న ఏడింటికే వచ్చి కూర్చునేది కాబట్టి గంటలు తక్కువేమీ కాదు. కానీ మా దగ్గర పనిని వచ్చిన వేళను బట్టి కొలవరు, వెళ్ళిన వేళను బట్టి కొలుస్తారు. మేనేజరు లేవందే ఎవరూ లేవరు. పని అయిపోయినా తెర ముందు కూర్చుని పాత మెయిళ్ళు పైకీ కిందకీ జరుపుతూ ఉంటారు. ఎవరికైనా తప్పనిసరిగా వెళ్ళవలసి వస్తే సంచీ కుర్చీలోనే వదిలి, ఫోను పట్టుకుని బాత్రూముకు వెళ్తున్నట్టు వెళ్తారు. సంచీని ఇంకెవరో తర్వాత కిందకు తెచ్చిస్తారు. ఇదంతా ఎవరూ నేర్పరు, వచ్చిన వారానికే వచ్చేస్తుంది. ఆమె మాత్రం టిఫిను డబ్బా సంచీలో పెట్టుకుని, సంచీ భుజాన వేసుకుని, "పోయొస్త అక్కా" అని అందరికీ వినపడేట్టు చెప్పి వెళ్ళేది. మేనేజరు గోడ గడియారం వంక ఓసారి చూసి మళ్ళీ తెర చూసుకునేవాడు.

ఆ రోజుల్లోనే మాకు కాకస్ పని వచ్చింది.

కాకస్ అంటే ఏమిటో మాలో ఎవరికీ తెలియదు. అమెరికా నడిమధ్యన, చలికాలంలో మోకాటి లోతు మంచు పడే ఒక రాష్ట్రం. అక్కడ ఒక పార్టీ తన అధ్యక్ష అభ్యర్థి ఎవరో తేల్చుకోవడానికి పెట్టెలో కాగితాలు వేయించదు. ఒక సాయంత్రం ఊరూరా బడిలోనో చర్చి హాల్లోనో పార్టీ మనుషులు చేరతారు. ఎవరికి నచ్చిన అభ్యర్థి మూలకు వాళ్ళు వెళ్ళి నిలబడతారు. తలలు లెక్కపెడతారు. నూటికి పదిహేను మంది కూడా లేని గుంపు చెల్లదు. ఆ గుంపువాళ్ళు ఇంకో మూలకు పోవాలి, ఇష్టం లేకపోతే ఇంటికి పోవచ్చు. అప్పుడు రెండోసారి లెక్క. సభ నడిపే పెద్దమనిషి ఆ రెండు లెక్కలూ ఫోనులో కొట్టి పంపితే రాష్ట్రమంతటి ఫలితమూ కూడి వస్తుంది. ఆ ఫోనులోని యాప్ చేసిపెట్టడం మా వంతు. యాప్ పేరుకు అక్కడి కంపెనీది, చాకిరీ మాది.

"అందరి ముందరా నిలబడి చెప్పాలా? పక్కింటాయన చూస్తుండగానా?" అని మా జట్టులో ఒకాయన ఆశ్చర్యపోయాడు. మేమంతా నవ్వాం. ఆ పద్ధతి మాకు మోటుగా తోచింది. నలుగురిలో తన మనసు చెప్పుకుని నిలబడటమనే పని మేం అలవాటు చేసుకోలేదు. ఆ మాటకొస్తే చాటుగా చెప్పే పని కూడా సరిగ్గా చెయ్యలేదు. మా రాష్ట్రంలో ఓట్ల రోజున ఆఫీసు సెలవిస్తే నేను పదింటి దాకా పడుకున్నాను, సాయంత్రం మాల్‌కి వెళ్ళాను. వాళ్ళ ఓట్ల లెక్క కోసం మాత్రం తెల్లవారకముందే లేచాను. సిగ్గుపడాల్సిన ఈ విషయం నాకప్పుడు తట్టనేలేదు.

రూల్స్ అర్థం కావడానికి ఒక ఉత్తుత్తి కాకస్ జరుపుదామన్నాడు మేనేజరు. మధ్యాహ్నం మూడింటికి మా అంతస్తులో టీలు తాగే ప్యాంట్రీలో అందరినీ పోగేశాడు. ముప్పై రెండు మందిమి వచ్చాం. అభ్యర్థులుగా నాలుగు టిఫిన్లు నిలబడ్డాయి. నాలుగు గోడల మీద ఇడ్లీ, దోశ, పూరీ, ఉప్మా అని కాగితాలు అంటించారు. రెండు లెక్కలూ టాబ్లెట్‌లో కొట్టే పెద్దమనిషి వేషం నాది. అయ్యాక సమోసాలు, టీ.

"ఇక వెళ్ళండి, మీ మీ మూలలకు!" అన్నాడు మేనేజరు. ఎవరూ కదల్లేదు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. ఆయన దోశ దగ్గరకు నడిచాడు. ఇంక చూడాలి, మా వాళ్ళకు ఒక్కసారిగా దోశ మీద పుట్టుకొచ్చిన ప్రేమ! ఇరవై మంది పైగా ఆ మూలకే చేరారు. ఇడ్లీకి, పూరీకి ఐదేసి మంది కష్టం మీద దొరికారు. ఉప్మా కాగితం కింద ఆమె ఒక్కతే నిలబడింది. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి అన్నారు కదా, అందరం నవ్వాం.

"ఉప్మా ఏంటమ్మా, పెళ్ళివాళ్ళు కూడా అడగరు," అన్నాడు ఒకాయన దోశ మూల నుంచి.

"నాకు ఉప్మా అంటె ఇష్టం. అడిగిన్రు, నిలబడ్డ," అందామె.

మొదటి లెక్క ముప్పై రెండు. నేను కొట్టాను. ఉప్మా గుంపు చెల్లదు కాబట్టి ఆమెను వేరే మూలకు రమ్మన్నాం. దోశ వాళ్ళు చేతులూపి పిలిచారు. మేనేజరు కూడా నవ్వుతూ పిలిచాడు. ఆమె గడియారం చూసుకుంది. మూడూ నలభై అయింది.

"ఇష్టం లేకుంటె ఇంటికి పోవచ్చని రూల్ల ఉంది గద సార్?" అంది.

"ఉందనుకో..." అన్నాడు మేనేజరు.

"గట్లయితే నేను ఇంటికి పోయినట్టు రాసుకోండ్రి. బస్సు వస్తది, బాబు ఒక్కడే నిలబడి ఉంటడు. పోయొస్త అక్కా."

సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. మేనేజరు ముఖంలో నవ్వు అలాగే ఉంది కానీ అందులో ఇందాకటి వెలుగు లేదు. నేను టాబ్లెట్ పట్టుకుని, "ఇప్పుడు మొత్తం ముప్పై ఒకటే వస్తోందండీ, ఏం కొట్టమంటారు?" అని అడిగాను.

"ఒక్క మనిషి కోసం లెక్క పాడుచేసుకుంటామా? ఆవిణ్ణి దోశలో వేసెయ్యండి," అన్నాడు.

వేసేశాను. రెండో లెక్క కూడా ముప్పై రెండు. సమోసాలు తిన్నాం.

ఆ తర్వాత మూడు నాలుగుసార్లు, ఆమె వెళ్ళిపోయాక, ఆ ఆట ఆడాం. ప్రతిసారీ మేనేజరు తలుపు దగ్గరే నిలబడేవాడు. ప్రతిసారీ చివర్లో తినడానికి ఏదో ఉండేది. ఆయన ఉండగా ఎవరు వెళ్తారు? మొదటి లెక్కా రెండో లెక్కా ఎప్పుడూ ఒక్కలాగే వచ్చేవి. అది చూసి కోడు రాసే కుర్రాళ్ళు యాప్‌లో ఒక కాపలా పెట్టారు. రెండు మొత్తాలూ సమానంగా ఉంటేనే ముందుకు పోవాలి, లేకపోతే ఎర్ర అక్షరాల్లో మొత్తం తప్పని చూపించి ఆగిపోవాలి. అమెరికా వాళ్ళు పంపిన కాగితంలో రెండో లెక్క మొదటిదాన్ని మించకూడదని మాత్రమే ఉంది. తగ్గకూడదని లేదు. ఆ తేడా మాకెవరికీ కనిపించలేదు. సభలోంచి మధ్యలో మనిషి లేచి వెళ్ళిపోవడమన్నది మా బుర్రల్లో లేదు గనక యాప్‌లోనూ లేదు.

కనిపించింది ఆమెకే. ఆ కాపలా పెట్టిన మర్నాడే యాప్‌లో తప్పుందని బగ్ నమోదు చేసింది. శుభ్రంగా వరసగా రాసింది. మొదటి లెక్క ముప్పై రెండు కొట్టండి, ఒకరు ఇంటికి వెళ్ళారనుకోండి, రెండో లెక్క ముప్పై ఒకటి కొట్టండి, యాప్ ఆగిపోతుంది. ఇది చాలా తీవ్రమైనది, వెంటనే సరిచెయ్యాలి అని కూడా రాసింది.

మేనేజరు నన్ను తన గదికి పిలిచాడు. "చూశారా? నిన్ననే క్లయింటుకు అంతా గ్రీన్ అని చెప్పాను. ఇప్పుడీ తీవ్రమైనదేంటండీ? దేశానికి ప్రెసిడెంటుని ఎంచుకోడానికొచ్చి మధ్యలో లేచి వెళ్ళిపోతారా ఎవరైనా? ఆవిడ ఇంటికెళ్ళే అలవాటుని మనకి బగ్గుగా రాసింది. మీరు క్లోజ్ చేసెయ్యండి."

జట్టులో టెస్టర్లకు పెద్దను నేను, పద్దెనిమిదేళ్ళుగా టెస్టింగ్‌లో ఉన్నాను. అది బగ్ అని చదవగానే నాకు తెలిసింది. తెలియదని ఇప్పుడు చెప్పుకుంటే ఇంకో అబద్ధం అవుతుంది. కానీ ఆ ఏడాది నా పేరు పై పదవికి వెళ్ళింది. ఆయన సంతకంతో వెళ్ళింది. నా కుర్చీకి వచ్చి బగ్ తెరిచి, కింద ఇంగ్లిషులో ఒక్క ముక్క కొట్టాను. ఇటువంటి సందర్భం రాదు. క్లోజ్.

ఐదు నిమిషాల్లో ఆమె నా పక్కన నిలబడింది.

"అక్కా, సందర్భం రాదంటె ఎట్ల? నేనే పోయిన గద?"

"నీ సంగతి వేరు. వాళ్ళు అమెరికావాళ్ళు, ఆ ఒక్క సాయంత్రం కోసం నెలల తరబడి ఎదురుచూస్తారు. ఎవరూ వెళ్ళరులే."

"పిల్లలు అందరికి ఉంటరక్కా," అంది.

నేను తెర వైపు తిరిగాను. ఆమె కాసేపు నిలబడి తన సీటుకు వెళ్ళిపోయింది.

కాకస్ రోజున వాళ్ళ సాయంత్రం ఏడు మాకు ఉదయం ఆరున్నర. క్యాబుల్లో వచ్చి కూర్చున్నాం. ఆమె కూడా తెల్లవారుజామునే వచ్చింది, పిల్లాణ్ణి తల్లి దగ్గర పెట్టి. పెద్ద తెర మీద ఆ రాష్ట్రం పటం. లెక్క వచ్చిన ఊరల్లా ఆకుపచ్చగా మారాలి. మొదటి లెక్కలు ధారాళంగా వచ్చాయి, పటం సగం నిండింది, మేనేజరు అందరికీ ఇడ్లీ తెప్పించాడు. ఏడున్నరకు రెండో లెక్కలు మొదలవ్వాలి. పదీ ఇరవై ఊళ్ళు వచ్చాయి. ఆ తర్వాత పటం కదల్లేదు.

అమెరికా వైపు ఫోన్లు పట్టలేక కొన్ని కాల్స్ మా వైపు మళ్ళించారు. ఆమె హెడ్‌ఫోన్ పెట్టుకుంది. ఆ మొదటి కాల్‌ను స్పీకర్‌లో పెట్టమన్నాడు మేనేజరు. ఎవరో ముసలావిడ, చర్చి హాల్లో సభ నడుపుతున్నావిడ. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. తమ దగ్గర తొమ్మిది మంది ఇంటికి వెళ్ళిపోయారట. బయట మంచు పడుతోందట. చంటిపిల్లల తల్లులు, మర్నాడు పొద్దున్నే పాలు పితకవలసినవాళ్ళు. మీ ఫోను మొత్తం తప్పంటోంది, వెళ్ళిపోయినవాళ్ళను నేనెక్కడి నుంచి తీసుకురాను అని అడిగింది.

గదిలో ఎవరూ ఎవరి వంకా చూడలేదు. ఆమె మాత్రం నా వంక చూసింది. తప్పు పట్టినట్టు కాదు, ఏం చెప్పమంటారని అడుగుతున్నట్టు చూసింది. నేను పటం వంక చూశాను. తనే మెల్లగా ఇంగ్లిషులో చెప్పింది. కాగితం మీద రాసుకుని పార్టీ నంబరుకు చదివి చెప్పండమ్మా, లెక్క మాత్రం మార్చకండి, వెళ్ళినవాళ్ళను వెళ్ళినట్టే రాయండి అని. అలాంటి కాల్స్ మధ్యాహ్నం దాకా తీసుకుంది.

అందరికీ అలా చెప్పేవాళ్ళు దొరకలేదు. యాప్ ముందుకు పోవడం లేదని విసిగిన కొందరు పెద్దమనుషులు ఇంటికి వెళ్ళినవాళ్ళను తోచిన గుంపులో కలిపి మొత్తం సరిచేశారు. మా ప్యాంట్రీలో నేను చేసిన పనే, వేల మైళ్ళ అవతల, నేర్పకుండానే చేశారు. దాంతో వచ్చిన లెక్కలు కూడా నమ్మడానికి లేకుండా పోయాయి. పార్టీ ఫలితం ఆపేసింది. కాగితాలన్నీ తెప్పించి చేత్తో లెక్కపెట్టుకోవడానికి రోజులు పట్టింది. వాళ్ళ టీవీల్లో అది పెద్ద నవ్వులాట. ఇక్కడ ఎవరికీ తెలియదు. మా అపార్టుమెంటు లిఫ్టులో ఆ వారమంతా మాట్లాడుకున్నది మంచినీళ్ళ ట్యాంకర్ల గురించి.

రెండు రోజులకు పై ఆఫీసరు మీటింగ్ పెట్టాడు. సాయంత్రం అమెరికా వాళ్ళకు ఏం చెప్పాలో తేల్చుకోవాలి. అంతకు ముందు మేనేజరు నన్ను లిఫ్టు దగ్గర పక్కకు తీసుకెళ్ళాడు.

"బగ్ క్లోజ్ చేసింది మీ పేరు మీద ఉందండీ. నేను నోటితోనే చెప్పాను, నా రాత ఎక్కడా లేదు. మీ ఫైలు పైన ఉంది, ఈ టైములో ఇది మంచిది కాదు. ఆవిడైతే కాంట్రాక్టు, వారంలో ఇంకోచోట దొరుకుతుంది. ఆవిడ మనకి సరిగ్గా వివరించలేదని చెబితే అందరం బయటపడతాం. మీరు గట్టిగా ఏమీ అనక్కర్లేదు."

గట్టిగా అనక్కర్లేదు. ఆ ఒక్క ముక్కే నాకు తేలిగ్గా అనిపించింది. మీటింగుకి వెళ్ళాను.

పై ఆఫీసరు మర్యాదస్తుడు. గొంతు పెంచలేదు. ఈ సందర్భాన్ని ఎందుకు పరీక్షించలేదని అడిగాడు. మేనేజరు లేచి, టెస్టింగ్‌లో క్రమశిక్షణ లోపించిందని, ఉత్తుత్తి కాకస్ రోజున టెస్టరే మధ్యలో వెళ్ళిపోయిందని, అప్పటి లెక్క ఆ కారణంగానే సరిగ్గా తేలలేదని చెప్పాడు. ఆడలేక మద్దెల ఓడన్న సామెతను అంత నున్నగా ఆచరించిన మనిషిని నేను చూడలేదు. వెళ్ళిపోవడమే ఆ రోజు సరైన పరీక్ష. ఆ వెళ్ళిపోవడమే ఇప్పుడు నేరమైంది.

ఆమె కూర్చున్నచోటే సర్దుకుంది. "సార్, నేను పోయిన మాట నిజమే. గని గందుకే గద బగ్ రాసిన! ఎవరన్న పోతె ఆగిపోతుందని సాఫ్ సీదా రాసిన. అక్కకు కూడ చెప్పిన. అక్కా, జర మీరు చెప్పుండ్రి."

అందరూ నా వైపు తిరిగారు. పన్నెండు మంది ఉంటారు. అందరికీ తెలుసు, పై ఆఫీసరు తప్ప అంతా ఆ ప్యాంట్రీలో సమోసాలు తిన్నవాళ్ళే. ఒక్క మనిషి లేచి అవునంటే చాలు. ఆ గదిలో ఎవరు ఎవరి పక్కన నిలబడ్డారో లెక్కపెట్టడానికి యాప్ అక్కర్లేదు. దొంగకు తేలు కుట్టినట్టు కూర్చున్నాను నేను.

"బగ్ రాసిన మాట నిజమేనండీ," అన్నాను. "అయితే అంత వివరంగా నాతో చర్చించినట్టు గుర్తు లేదు."

ఇంతే. రెండు వాక్యాలు. మొదటిది నిజం కాబట్టి రెండోది కూడా నిజంలాగే వినిపించింది.

ఆమె నా వంక చూస్తూ ఉండిపోయింది. నేను బల్ల మీది నీళ్ళ గ్లాసును అటూ ఇటూ జరిపాను. కాసేపయ్యాక ఆమె గడియారం చూసుకుని లేచింది. "బాబు బస్సు టైమైంది సార్," అంది. ఈసారి నాతో పోయొస్తానని చెప్పలేదు.

కాంట్రాక్టు ఆ నెలాఖరుకు ముగించారు. ఇంకా మార్చి రాలేదు. ఐడీ కార్డు ఇచ్చేసి, టిఫిను డబ్బా, చిన్న దేవుడి పటం సంచీలో వేసుకుంది. ఇద్దరు ముగ్గురు వెళ్ళి టచ్‌లో ఉండమని చెప్పారు. నేను ఆ సమయానికి మీటింగ్ ఉన్నట్టు ఒక ఖాళీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాను. తిట్టి వెళ్ళుంటే బాగుండునని చాలా రోజులు అనుకున్నాను. తిడితే నాకూ కోపం వచ్చేది, కోపం వస్తే ఆమె తప్పేదో ఒకటి వెతుక్కునేదాన్ని. ఆ వీలు కూడా ఇవ్వలేదు.

ఏప్రిల్లో నాకు పై పదవి వచ్చింది. మేనేజరు కేకు తెప్పించాడు.

ఆ రాష్ట్రం వాళ్ళు మళ్ళీ మా యాప్ ముట్టుకోలేదు. కానీ కంపెనీ దాన్ని పారెయ్యదు కదా, సరిచేసి ఇంకెవరికైనా చూపించాలనుకుంది. కాపలా తీసేసి, రెండో లెక్క కింద కొత్త గడి ఒకటి పెట్టారు. ఇంటికి వెళ్ళినవారు ఎందరు అని. అది పనిచేస్తోందో లేదో చూడమని నాకే పంపాడు మేనేజరు. మొదటి లెక్క ముప్పై రెండు కొట్టాను. రెండో లెక్క ముప్పై ఒకటి. గడిలో ఒకటి. ఆకుపచ్చగా టిక్కు పడి ముందుకు పోయింది. ఆమె బగ్గులో రాసిన అంకెలే అవి. సరిచేసిన లోపాల జాబితాలో దాన్ని కనిపెట్టినవారి పేరు దగ్గర టెస్ట్ లీడ్ అని నా పేరు ఉంది. తీయించాలనుకున్నాను. తీయించాలంటే ఎందుకో చెప్పాలి. చెప్పలేదు, ఇప్పటికీ అలాగే ఉంది.

ఏడాది దాటాక, మా అపార్టుమెంటు వెనక వారం వారం జరిగే కూరగాయల సంతలో ఆమె కనిపించింది. కొడుకు వేలు పట్టుకుని బెండకాయలు ఏరుతోంది. తప్పుకుందామనుకున్నాను. ఈలోగా ఆమే చూసింది, చూసి నవ్వింది. ఒక స్కూల్లో కంప్యూటరు గదిలో పని చేస్తోందట. మూడున్నరకు ఇంటికి వచ్చేస్తుందట, పిల్లాడు అక్కడే చదువుతున్నాడట.

"అమ్మ ఎలా ఉంది?" అని అడిగాను. అడగడానికి నాకు హక్కు లేని ప్రశ్న అది.

"గట్లనే ఉంది. వారంల రెండుసార్లు తీస్కపోతున్నం, గదే దవాఖానకు. ఆరింటికి లైన్ల నిలబడాలె," అంది. మామూలుగానే చెప్పింది, నన్ను పొడవడానికి కాదు. బెండకాయ ఒకటి తుంచి చూసి పళ్ళెంలో వేసింది. తర్వాత ఏదో గుర్తొచ్చినట్టు తలెత్తింది.

"అవునూ, గా యాప్ ఏమైంది? ఇంటికి పోయినోళ్లకు గడి పెట్టిన్రా?"

"పెట్టాం," అన్నాను.

ఆమె ముఖం నిజంగా వెలిగింది. తను పట్టుకున్న తప్పు సరైందని తెలిసినప్పుడు టెస్టరు ముఖంలో కనిపించే సంతోషం అది, నేను పద్దెనిమిదేళ్ళు చూసినది, నాకు ఎప్పుడో పోయినది. నీ బగ్ అది, నేనే చంపేశాను, ఆ రోజు నేను అబద్ధం చెప్పాను. ఈ మూడు ముక్కలూ గొంతు దాకా వచ్చాయి. చుట్టూ ఆఫీసువాళ్ళు కూడా ఎవరూ లేరు, కూరగాయలమ్మే ఆవిడ తప్ప. నేను బెండకాయల ధర అడిగాను.

"మంచిదాయె," అని పిల్లాడి చెయ్యి అందుకుంది. "పోయొస్త మేడమ్."